వారానికొక్క మాత్ర రోజూ వేసుకుంటే ప్రాణగండం

మీ ఇంట్లో కీళ్లవాతానికి మందులు వాడుతున్నవాళ్లు ఉన్నారా? ఉంటే ఇది చదవడం కాసేపు ఆపి, ముందు వాళ్ల మందుల డబ్బా తెరవండి. స్ట్రిప్ మీద మెథోట్రెక్సేట్ అన్న పేరు కనిపిస్తే, ఆ మాత్ర ఎన్నాళ్లకోసారి వేసుకుంటున్నారో అడగండి. ‘వారానికి ఒక్కరోజే’ అంటే సరే. ‘రోజూ’ అన్నా, ‘నొప్పి ఎక్కువైనప్పుడల్లా’ అన్నా, ‘ఏమో, డబ్బాలో ఉన్నవన్నీ వేసుకుంటున్నా’ అన్నా ఆ మాత్ర అక్కడితో ఆపించి, ఈ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రేపు పొద్దున చూద్దాంలే అనుకునే వ్యవహారం కాదు.

మెథోట్రెక్సేట్ నొప్పి మాత్ర కాదు. సొంత ఒంటి మీదే తిరగబడ్డ రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టి, కీళ్లు వంకరపోకుండా కాపాడే మందు. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఖాయమైతే ప్రపంచంలో ఎక్కడైనా దాదాపుగా మొదట రాసేది దీన్నే. వయసు మీద పడి మోకాళ్లు అరగడం వేరు, ఇది వేరు. ఇది ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లనూ పట్టుకుంటుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి చెయ్యి రాదు, పొయ్యి మీంచి పాలగిన్నె దించడానికి పట్టు చిక్కదు. మందు లేకుండా వదిలేస్తే కొన్నేళ్లలోనే వేళ్లు పక్కకు ఒరిగిపోయి, ఇక ఏ మందూ వాటిని వెనక్కి తేలేదు. కాబట్టి మందు మానెయ్యమని మేం చెప్పడం లేదు. భయపడి మానేసినా నష్టమే. మేం చెబుతున్నదల్లా ఒకటే: ఈ మందులు మన దగ్గర చేతులు మారే తీరు ప్రాణాంతకంగా ఉంది.

మెథోట్రెక్సేట్ మోతాదు లెక్క మనకు అలవాటైన ఏ మాత్రకూ లేదు. కీళ్లవాతానికి సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల వరకు, వారంలో ఒక్కరోజు. కొందరికి డాక్టర్లు ఆ ఒక్కరోజు మోతాదునే పొద్దున కొంత, రాత్రి కొంత అని విడగొట్టి రాస్తారు. అదీ ఆ రోజుకే. ఇదే మందు రోజూ పడితే, శరీరంలో కొత్త కణాలు పుట్టడానికి కావలసిన ఫోలేట్ పని నిలిచిపోతుంది. వేగంగా పుట్టి చనిపోయే కణాలు ముందు దెబ్బతింటాయి: నోటి లోపలి పొర, పేగుల పొర, అన్నిటికంటే ముఖ్యంగా రక్తం తయారుచేసే ఎముక మూలుగ. వారం పది రోజుల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ తర్వాత మామూలు జ్వరమే మనిషిని తీసుకుపోతుంది.

ఈ మందు పుట్టుకలో మన పక్కూరివాడి చెయ్యి ఉంది. కొల్లేటికి అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో, అంటే 1940లలో, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే దానికి అడ్డుపడే రసాయనాలనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు వైద్యం చేసి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. అదే కోవలో వచ్చింది మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కు పెద్ద మోతాదుల్లో వాడే ఈ మందు బహు కొద్ది మోతాదులో కీళ్లవాతాన్ని అణచిపెడుతుందని రుజువయ్యాక, 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ జబ్బుకూ అనుమతించింది. ఈ మందు కీళ్లవాతానికి పనిచేయడం సుబ్బారావు చూడలేదు. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే పోయారు.

ఫోలిక్ ఆమ్లం, దానికి అడ్డుపడే మందు ఒకే ప్రయోగశాలలోంచి వచ్చాయి. ఇవాళ ఆ రెండూ ఒకే చీటీలో, ఒకే మందుల కవర్లో పక్కపక్కన ఉంటున్నాయి. మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే నోటిపూత, వికారం తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాయడం మంచి వైద్యమే. ప్రమాదం మొదలయ్యేదీ సరిగ్గా అక్కడే.

విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేట సందుల్లో సాయంత్రం దాటాక ఏ మందుల షాపు ముందైనా నిలబడి చూడండి. గుడివాడ బస్సో, అవనిగడ్డ బస్సో తప్పిపోతుందన్న తొందరలో జనం చీటీలు చాచుతుంటారు. కౌంటర్ వెనక కుర్రాడు స్ట్రిప్పు తీసి, కావలసినన్ని మాత్రల వరకు కత్తెరతో కత్తిరిస్తాడు. వెనక వెండిరంగు రేకు మీద బాల్‌పెన్నుతో గీతలు గీస్తాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని. ఆ గీతల్లో వారం అనేదానికి గుర్తే లేదు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపు సొరుగులోనే ఉండిపోతుంది. పేరులేని నాలుగు మాత్రల ముక్క పెద్దావిడ సంచిలోకి వెళుతుంది. మెథోట్రెక్సేట్ చూడటానికి చిన్న పసుపు మాత్ర. ఫోలిక్ ఆమ్లమూ తరచుగా చిన్న పసుపు మాత్రే. ఒకటి వారానికి ఒక్కసారి వేసుకోవాలి. రెండోది డాక్టరును బట్టి వారంలో ఒకటి రెండు రోజులో, మెథోట్రెక్సేట్ రోజు తప్పించి మిగతా అన్ని రోజులో. ఇంటికెళ్లి కళ్లజోడు వెతుక్కునేసరికి ఏది ఏదో ఆవిడకు చెప్పేవాళ్లెవరు? చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. స్ట్రిప్పు మీద ఉన్నదీ ఇంగ్లీషే. డాక్టరు గది బయట నలభైమంది కూర్చుని ఉంటే, ఆయన నోటితో చెప్పిన ‘వారానికి’ అన్న మాట ఆ రొదలో వినపడనే పడదు.

దీనికితోడు బలాల గొడవ. మన షాపుల్లో మెథోట్రెక్సేట్ 2.5 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా అనేక బలాల్లో దొరుకుతుంది. 2.5 మాత్రలు నాలుగు వేసుకునే అలవాటున్న మనిషికి, ఆ సరుకు లేదని 10 మాత్రలు ఇచ్చి ఆ సంగతి చెప్పకపోతే, ఆ వారం ఒంట్లోకి వెళ్లేది 40. ఇవి మేం ఊహించి రాస్తున్న ప్రమాదాలు కావు. పొరపాటున రోజూ మెథోట్రెక్సేట్ వేసుకుని, నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి ఆస్పత్రిలో చేరినవాళ్ల గురించి మన దేశపు డాక్టర్లు వైద్య పత్రికల్లో ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. చదువు, వైద్యం మనకంటే ముందున్న ఐరోపాలోనూ ఇవే చావులు జరిగి, 2019లో అక్కడి ఔషధ సంస్థ డబ్బాల మీద కొట్టొచ్చినట్టు కనిపించే హెచ్చరిక వెయ్యాలనీ, రోగి దగ్గర ఉంచుకునే కార్డు ఇవ్వాలనీ చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గర ఇంకో అడ్డంకి ఉంది, అది మన వంటింటి వైద్యం. మెథోట్రెక్సేట్ ఎక్కువైందని ఒళ్లు చెప్పే మొదటి మాట నోరు పూయడం. నోరు పూసిందనగానే మనం ఏమంటాం? వేడి చేసిందంటాం. మజ్జిగ తాగమంటాం, సబ్జా నానబెట్టి ఇస్తాం, షాపులో బి కాంప్లెక్స్ మాత్రలు తెస్తాం. మామూలు మనిషి విషయంలో అది తప్పు కాదు. మెథోట్రెక్సేట్ వాడే మనిషి విషయంలో ఆ మూడు నాలుగు రోజుల మజ్జిగే ప్రాణం తీస్తుంది. నోటిపూత, గొంతు మంట, జ్వరం, చర్మం మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, ఊరికే ఆయాసం, పొడిదగ్గు — వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. విరుగుడు ఉంది. ల్యూకోవోరిన్ అంటారు. ఆస్పత్రిలో ఇస్తారు, ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఫలితం. ఇంట్లో నాలుగు ఫోలిక్ మాత్రలు మింగితే ఆ పని జరగదు.

సరైన మోతాదులో వాడుతున్నవాళ్లూ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే. బెజవాడ మే నెల ఎండలో పొలంలోనో, లారీ స్టాండులోనో పనిచేసి నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయినా, వాంతులు విరేచనాలతో నీరసించినా, మందు లోపలే నిలిచిపోతుంది. అలాంటి వారం మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగాలి. మూత్రంలో మంటకో, విరేచనాలకో చిన్నాచితకా వైద్యంలో చటుక్కున ఇచ్చే సెప్ట్రాన్, అంటే కోట్రైమోక్సజోల్, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముక మూలుగ ఒక్కసారిగా కుదేలవుతుంది. సరైన మోతాదు వేసుకుంటున్నవాళ్లు కూడా ఈ జత వల్ల చనిపోయారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఈ మందు అసలు పనికిరాదు. మందు సారా రెండూ నడుస్తుంటే కాలేయం నిలవదు. గర్భం రావచ్చనుకునే ఆడపిల్లలు దీన్ని నెలల ముందే డాక్టరుకు చెప్పి ఆపాలి. కడుపులో బిడ్డకు ఇది ఘోరమైన హాని చేస్తుంది. పెళ్లి కుదిరిన అమ్మాయికి కీళ్లవాతం సంగతి అత్తవారికి తెలియకూడదని దాచి, అమ్మాయి బీరువాలో మాత్రలు దాచుకుని వాడుకునే ఇళ్లున్నాయి. ఆ గుట్టు ఎంతవరకు పోతుందో తల్లులు ఆలోచించాలి.

మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి. ఇవి లేకుండా పాత చీటీ చూపించి ఏడాది పొడుగునా మందు కొనుక్కోవడం మన దగ్గర సర్వసాధారణం. అమ్మేవాళ్లు అమ్ముతున్నారు కాబట్టే కొనేవాళ్లు కొంటున్నారు.

ఇక స్టెరాయిడ్ల సంగతి. ఇక్కడ పొరపాటు కంటే కక్కుర్తి ఎక్కువ.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిజోన్ సూదిమందు ఇచ్చాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. లోకం నివ్వెరపోయింది. 1950లో హెంచ్‌కు, మరో ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంబరం సర్దుమణగకముందే ముఖాలు ఉబ్బడం, మనసు చెదరడం, ఎముకలు గుల్లబారడం బయటపడ్డాయి. ఇది డెబ్బై అయిదేళ్ల కిందటే తేలిపోయిన సంగతి. అయినా మన ఊళ్లలో ఇవాళ్టికీ నొప్పి అనగానే దిగే సూదిమందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది, పక్కన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉంటుంది. 2005 చివరి నుంచి 2006 అంతా చికున్‌గున్యా మన ఊళ్లను మంచాన పడేసిన రోజులు గుర్తున్నవాళ్లకు, ఆ సూదులు ఎంత ధారాళంగా పడ్డాయో తెలుసు.

ఊళ్లో ఆ సూది వేసే ఆర్.ఎం.పి. వైద్యుడు దుర్మార్గుడని మేం అనడం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. నాట్ల రోజుల్లో కూలి పోతుందని ఏడ్చే మనిషికి, పెడనలో కలంకారీ అచ్చు కొట్టే చెయ్యి ఎత్తలేకపోతున్న మనిషికి, రేపు పొద్దున పనికి లేవడం ముఖ్యం. ఆ సూది ఆ పని చేస్తుంది. నొప్పి పోతుంది, వాపు పోతుంది, ఆకలి పుడుతుంది. జబ్బు మాత్రం నివురుగప్పిన నిప్పులా కీలును లోపల్లోపల తినేస్తూనే ఉంటుంది. నెల తర్వాత మళ్లీ సూది, ఆ తర్వాత పదిహేను రోజులకు. చుట్టుపక్కలవాళ్లు ‘ఒళ్లు చేశావే, ముఖం నిండుగా ఉంది’ అని మెచ్చుకుంటారు. ఆ నిండుదనం ఆరోగ్యం కాదు, స్టెరాయిడ్ వాపు. బుగ్గలు గుండ్రంగా ఉబ్బడం, మెడ వెనక కొవ్వు పెరగడం, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడటం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, కొత్తగా షుగర్, కొత్తగా బీపీ — ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తే ఆ ఇంట్లో ఎక్కడో స్టెరాయిడ్ ఉన్నట్టే. ఏళ్లు గడిచాక తుంటి ఎముకకు రక్తం అందక అది కుళ్లుతుంది, కంటిలో శుక్లం వస్తుంది, చిన్న జారుపాటుకే వెన్నుపూస విరుగుతుంది.

సూది కనిపిస్తుంది కాబట్టి అడగొచ్చు. కనిపించనిది పొడి మందు. వాతానికి ఆకులతో చేశామని, ఎలాంటి దుష్ఫలితాలూ ఉండవని పొట్లం కట్టి ఇస్తారు. చీటీ ఉండదు, డబ్బా మీద పేరుండదు, బస్సెక్కి వెళ్లినవాళ్లకు మూడు నెలల సరుకు ఒకేసారి చేతిలో పెడతారు. ఇలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల పొడి కలుపుతున్నట్టు దేశంలో ఎన్నోసార్లు పరీక్షల్లో పట్టుబడింది. మేం ఆయుర్వేదాన్ని తప్పుపట్టడం లేదు. లైసెన్సు నంబరు, చేసినవాడి పేరు, అందులో ఏముందో రాసిన సీసా వేరు, పేరులేని పొట్లం వేరు. ఏళ్ల నాటి వాతం రెండు రోజుల్లో మాయమైందంటే సంతోషించకండి, అనుమానించండి. కీళ్లవాతాన్ని నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి మంత్రతంత్ర ఔషధ ప్రకటనల చట్టం నిషేధించింది. ఆ చట్టం ఉన్న సంగతి కరెంటు స్తంభాలకు బోర్డులు కట్టేవాళ్లకు తెలియకపోవచ్చు. చూస్తూ పోయే అధికారులకు తెలియదా?

స్టెరాయిడ్ విషమేమీ కాదు. రుమటాలజిస్టులే దాన్ని చిన్న మోతాదులో, కొద్దికాలం, మిగతా మందులు పనిచేసేదాకా ఆసరాగా రాస్తారు. అలా వాడుతున్నవాళ్లకు ఈ సంపాదకీయం చదివి భయం పుట్టి, రేపటి నుంచి వైసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్ర మానేద్దామనిపిస్తే అదీ ప్రమాదమే, గట్టిగా చెబుతున్నాం. మూడు వారాలకు మించి స్టెరాయిడ్ వాడిన శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేసుకుంటుంది. హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోయి, వాంతులతో, స్పృహ తప్పి మనిషి పోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, డాబాల మీద చిక్కుకున్నవాళ్లకు తిండి, నీళ్లతోపాటు కరువైనవాటిలో మందులూ ఉన్నాయి. ముంపు ప్రాంతంలో ఉంటూ స్టెరాయిడ్ వాడేవాళ్లు వానాకాలంలో కనీసం వారం పదిరోజుల మాత్రలు తడవని డబ్బాలో పెట్టి, చేతికందే చోట ఉంచుకోవాలి.

రోగనిరోధక శక్తిని తగ్గించే ఏ మందు వాడినా, మన నేలకూ నీటికీ ఉన్న జబ్బులు మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. ప్రపంచంలో క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఒంట్లో నిద్రపోతున్న టీబీని అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయొలాజిక్ సూదిమందులు నిద్రలేపుతాయి. ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష లేకుండా వాటిని మొదలుపెట్టే ఆస్పత్రి నుంచి లేచి వచ్చేయండి. వరి మడి బురదలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ పేరు 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గర తురకపాలెం మరణాల సందర్భంగా మన ఇళ్లలో మొదటిసారి వినిపించింది. షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు కాలికి పుండుతో మడిలో దిగకూడదు. దిగక తప్పని బతుకులు మనవి, తెలుసు. కనీసం బూట్లు, కనీసం జ్వరం వస్తే ‘నేను ఫలానా మందు వాడుతున్నాను’ అన్న ఒక్క ముక్క.

నొప్పి మాత్రల గురించి ఎంత చెప్పినా పాత పాటే అనుకుంటారు. అయినా ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం పేరు ఇక్కడ తలవకుండా ఉండలేం. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను కూల్చేస్తోంది. కారణం తాగే నీళ్లా, ఎండలో ఒళ్లెండిపోయేదాకా చేసే చాకిరీనా, కూలి కోసం మింగే నొప్పి మాత్రలా, ఇవన్నీ కలిసా అన్న వాదం తెగలేదు. వాదం ఎటు తెగినా ఒకటి మాత్రం నిజం: ఇప్పటికే నలిగిన మూత్రపిండానికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్ర గోరుచుట్టు మీద రోకటిపోటు. బీపీకి, గుండెకు మాత్రలు వాడే పెద్దవాళ్లు ఎండాకాలంలో వీటిని సొంతంగా కొనుక్కుని వేసుకుంటే కిడ్నీలు రోజుల్లోనే చేతులెత్తెయ్యవచ్చు. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలను తిని దేశంలోని రాబందులు కిడ్నీలు చెడి కుప్పలుగా చచ్చిపోయాయనే 2006లో ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. రాబందుకూ మనిషికీ తేడా ఉంది నిజమే. అయినా పిట్టల కోసం చేసిన ఆలోచనలో కొంత కూలీ మనిషి కోసం చేస్తే తప్పేముంది? కొత్త రకం నొప్పి మాత్ర, కడుపులో పుండు పడదు అని గొప్పగా వచ్చిన రోఫెకోక్సిబ్, గుండెపోట్లు పెంచుతోందని తేలి 2004లో ప్రపంచమంతా మాయమైంది, మన దేశమూ నిషేధించింది. గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు అసంఖ్యాకం. గ్యాస్ మాత్ర కడుపును కొంత కాపాడుతుంది. కిడ్నీని, గుండెను కాపాడదు. విరేచనం తారులా నల్లగా అయితే కడుపులో రక్తం పోతోందని అర్థం, ఆగకూడదు.

మిగతా మందుల గురించి ముక్తసరిగా. హైడ్రాక్సీక్లోరోక్విన్, 2020లో కరోనా పేరు చెప్పి జనం ఎగబడి కొని, నిజమైన కీళ్లవాతం రోగులకు దొరక్కుండా చేసిన మాత్ర, మొత్తం మీద సాధువైనదే. కాని రోజుకు బరువు కిలోకు 5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల మీద కంటి తెరను చెడగొడుతుంది. నలభై అయిదు కిలోల మనిషికి అందరిలాగే 400 రాస్తే ఎక్కువే. మొదట్లో ఒకసారి, అయిదేళ్లు దాటాక ఏటేటా కంటి తెర పరీక్ష చేయించాలి. లెఫ్లునోమైడ్ ఆపేశాక కూడా చాలాకాలం ఒంట్లో ఉంటుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు దాన్ని మందుతో కడిగించుకోవాలి. సల్ఫాసలజీన్ సల్ఫా పడనివాళ్లకు పనికిరాదు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడనక్కర్లేదు. టోఫాసిటినిబ్ మాత్ర ఇప్పుడు చవకై, విరివిగా రాస్తున్నారు. పెద్ద వయసువాళ్లలో, చుట్ట బీడీ తాగేవాళ్లలో, గుండెజబ్బు ఉన్నవాళ్లలో గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, క్యాన్సర్ ముప్పు పెంచుతుందని 2021లో అమెరికా ఔషధ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. సర్పి లేచే అవకాశమూ ఎక్కువ. ఈ సంగతులు డాక్టరు చెప్పకపోతే మీరు అడగండి. అడిగితే కసురుకునే డాక్టరును మార్చండి.

ఇప్పుడు అడగాల్సినవాళ్లను అడుగుదాం. ఔషధ నియంత్రణ శాఖకు: మెథోట్రెక్సేట్ అమ్మే ప్రతి షాపూ ‘వారానికి ఒక్కసారి మాత్రమే’ అని తెలుగులో ఉన్న ఎర్ర ముద్ర వేసి, వారం పేరు రాసి ఇవ్వాలని కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో ఈ నెలే ఆదేశించండి. ఒక రబ్బరు స్టాంపు, ఒక ఇంకు ప్యాడు, అంతే ఖర్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఈ మందు స్ట్రిప్పును పేరు పోయేలా కత్తిరించడాన్ని నేరంగా చూడండి. షెడ్యూల్ హెచ్ మందులు చీటీ లేకుండా అమ్మకూడదన్న నియమం పుస్తకాల్లో ఎన్నాళ్లుగానో ఉంది, దాన్ని దుకాణాల దాకా తీసుకురండి. డాక్టర్లకు: 2016లోనే మీ మండలి మందు పేర్లు పెద్ద అక్షరాల్లో స్పష్టంగా రాయమంది. దానితోపాటు ‘బుధవారం’ అని ఒక్క తెలుగు మాట రాయడానికి మూడు సెకన్లు పడుతుంది. ఫోలిక్ ఆమ్లం ఏ రోజో కూడా రాయండి. మందుల షాపులవాళ్లకు: చీటీ మీద రోజూ అని పొరపాటున పడినా మీరు ఇవ్వకుండా ఫోన్ చేసి అడగండి. ఆ కౌంటరే ఆఖరి గేటు. ఆర్.ఎం.పి.లకు: చేతివేళ్ల కీళ్లు రెండు పక్కలా వాచి, పొద్దుట బిగుసుకుపోతున్నాయని మనిషి వస్తే సూది వెయ్యకండి. విజయవాడ పెద్దాసుపత్రికో, బందరు ఆస్పత్రికో పంపండి. ఆ ఒక్క పని చేస్తే మీరు ఆ మనిషికి చేతులు మిగిల్చినవాళ్లవుతారు.

చదువుతున్న మీకు ఇంకో పని ఉంది. ఈ రాత్రి భోజనాలయ్యాక, చెరగని పెన్ను తీసుకుని మెథోట్రెక్సేట్ డబ్బా మీద డాక్టరు చెప్పిన వారం పేరు పెద్దక్షరాల్లో రాయండి. ఫోలిక్ ఆమ్లాన్ని వేరే డబ్బాలోకి మార్చండి. నెలకు సరిపడా నాలుగు వారాల మాత్రలే ఇంట్లో ఉంచండి. పెద్దవాళ్లు సొంతంగా వేసుకోకుండా ఆ రోజు ఇంట్లో ఒకరు చేతికివ్వండి. మందు వల్ల ఏదైనా తేడా జరిగిందనిపిస్తే కేంద్ర ప్రభుత్వ ఔషధ దుష్ఫలితాల విభాగానికి 1800-180-3024 నంబరులో ఉచితంగా చెప్పవచ్చు. పనిదినాల్లో తీస్తారు. అది ఫిర్యాదు నమోదుకు మాత్రమే. నోరు పూసి జ్వరమొచ్చినా, ఊపిరాడకపోయినా 108కి ఫోన్ చెయ్యండి. వచ్చినవాళ్లతో మొదటి మాటగా ‘మెథోట్రెక్సేట్ వాడుతున్నారు’ అని చెప్పండి, మందుల డబ్బా మొత్తం వెంట తీసుకెళ్లండి.